కొండ దిగేటప్పుడు తెలుస్తుంది

(లాక్రోస్ ఆడే పిల్లల శరీర సన్నద్ధత గురించి తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు ఒక ఫిట్‌నెస్ కోచ్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి సార్, ఫ్యాన్లన్నీ ఇటువైపే ఉన్నాయి.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్లో ఒక మాట చెప్పారు. "సార్, వచ్చేవాళ్ళలో సగం మందికి లాక్రోస్ అంటే ఏందో తెలీదు. మిగతా సగం యూట్యూబ్‌లో చూసొస్తారు. ఇద్దరికీ అర్థమయ్యేట్టు మాట్లాడండి" అని. సరే, ఆట గురించి రెండు ముక్కలు చెప్పేసి నా పనిలోకి వస్తా.

2023 అక్టోబరులో ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుందని మన టీవీలన్నీ ఆరోజు ఊదరగొట్టాయి, గుర్తుందా? అదే జాబితాలో ఇంకో నాలుగు ఆటలున్నాయి. వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒకటి లాక్రోస్. 1904లో, 1908లో ఒలింపిక్స్‌లో పతకాలిచ్చారు దీనికి. రెండుసార్లూ కెనడానే గెలిచింది. ఆ తర్వాత ప్రదర్శన ఆటగా రెండు మూడుసార్లు కనబడి పోయింది. ఇప్పుడు 120 ఏళ్ళకు మళ్ళీ పతకాల ఆటగా వస్తోంది.

అసలు ఇది ఉత్తర అమెరికా మూలవాసుల ఆట. హోడెనొషోనీ అని ఆరు తెగల కూటమి ఉంది. వాళ్ళు దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆట అంటారు. ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే నయం కావాలని కూడా ఆడేవాళ్ళు. మొక్కుకుని ఒళ్ళు అలవగొట్టుకోవడం గురించి తిరుపతిలో వేరే చెప్పాలా! ఫ్రెంచివాళ్ళు ఆ వంపు కర్రను చూసి 'లా క్రాస్' అన్నారు, పేరు అలా నిలిచిపోయింది. 1867లో మాంట్రియల్‌లో జార్జ్ బీర్స్ అనే పళ్ళ డాక్టరు నిబంధనలు రాసిపెట్టాడు.

ఇదిగో, కర్ర ఇది. కొసన ఈ వల బుట్ట. బంతి గట్టి రబ్బరుది, 145 గ్రాముల దగ్గర ఉంటుంది, అంటే క్రికెట్ బంతికన్నా కొంచెం చిన్నది, కొంచెం తేలిక. బంతిని చేత్తో ముట్టుకోకుండా ఈ వలతోనే పట్టి, పరిగెత్తి, విసిరి, ఆరడుగుల చదరం గోల్‌లో వెయ్యాలి. పెద్ద మైదానం ఆటలో జట్టుకు పదిమంది ఆడతారు. ఒలింపిక్స్‌కి వచ్చేది చిన్న రకం, దాన్ని సిక్సెస్ అంటారు. గోలీతో, అంటే గోల్‌కీపర్‌తో, కలిపి ఆరుగురు. 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మైదానం. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. బంతి మీ జట్టుకు దొరికాక 30 సెకన్లలో గోల్ మీదికి కొట్టాలి. గోల్ పడిందా, సంబరాలకు టైమ్ ఉండదు, గోలీ వలలోంచి బంతి తీసి వెంటనే అవతలివైపు ఆట మొదలెట్టేస్తాడు.

ఇంతే ఆట. ఇక దీన్ని ఒంటి వైపు నుంచి చూద్దాం. నేను స్టిక్ నేర్పించే కోచ్‌ని కాను. కబడ్డీ పిల్లల దగ్గర మొదలుపెట్టి, హాకీ పిల్లల దగ్గర చేసి, ఇప్పుడు కొంతకాలంగా ఈ లాక్రోస్ పిలకాయలతో ఉంటున్నా. నాకిచ్చిన పని వాళ్ళ కాళ్ళు, నడుము, ఊపిరి. నేను బాగా చేసినవి చెబితే మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. చెడగొట్టింది చెబుతా.

కొన్నేళ్ళ కిందట, ఒక టోర్నమెంటు పది రోజులుందనగా, పద్నాలుగు మంది పిల్లల్ని తెల్లవారుజామున అలిపిరికి తీసుకెళ్ళా. తిరుపతిలో కోచ్‌గా ఉండి మెట్లు వాడుకోకపోతే ఎట్లా అని నా గొప్ప. 3,550 మెట్లు. పిల్లలు ఉత్సాహంగా ఎక్కేశారు. గాలిగోపురం దగ్గర ఆయాసపడ్డారు, మోకాళ్ళ పర్వతం దగ్గర ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు, అయినా అందరూ పైకొచ్చారు. దర్శనం కాలేదు గానీ బయటి నుంచే దణ్ణం పెట్టుకున్నాం. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. అక్కడితో ఆపి అందరినీ బస్సెక్కించి ఉంటే నేను ఇవాళ మీకు ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. "దిగేటప్పుడు పరుగే, ముందొచ్చినవాళ్ళకు దోసె" అన్నా.

దిగేటప్పుడు ఎవరికీ ఆయాసం రాలేదు. నవ్వుకుంటూ దిగారు. దోసెలూ తిన్నారు. రెండో రోజు పొద్దున గ్రౌండుకి తొమ్మిది మంది వచ్చారు. మూడో రోజు ఐదుగురు. ఒక పాప వాళ్ళ స్కూల్లో రెండో అంతస్తు నుంచి కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి మెట్లు దిగుతోందని టీచరు నాకు ఫోన్ చేసింది. ఇంకో అబ్బోడు వాళ్ళమ్మ చెప్పింది, "సార్, వాడు బాత్రూంలో కూర్చుంటే లేవలేకపోతున్నాడు, గోడకు తాడు కట్టమంటున్నాడు" అని. మీరు నవ్వుతున్నారు. నేను ఆరోజు నవ్వలేదు. టోర్నమెంటుకు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, మొదటి రోజే ఇంటికొచ్చాం.

ఏం జరిగిందో చెప్తా. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. గుండెకు, ఊపిరితిత్తులకు పని. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, బరువును ఆపుతూ, ఒంటిని కిందికి దించుతుంది. బ్రేకు వేసినట్టన్నమాట. ఆయాసం ఉండదు, కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. కానీ సాగుతూ బరువు ఆపినప్పుడే కండరంలోని సన్నని పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. కొండకు నడిచొచ్చిన మీ చుట్టాలను అడగండి, ఎక్కిన రోజు కంటే రెండు రోజుల తర్వాత ఎలా ఉందని.

నా తప్పు రెండు రకాలది. పది రోజుల ముందు, అలవాటు లేని కాళ్ళకు, వేల మెట్ల బ్రేకులు ఒక్కసారిగా పడేయడం ఒకటి. రెండోది ఇంకా పెద్దది. పైన పిల్లల ఆయాసం చూసి, అలసట చూసి, "ఈరోజు మంచి ట్రైనింగ్ జరిగింది" అనుకున్నా. అలసటను కొలబద్దగా పెట్టుకున్నా. మన పీఈటీల్లో ఈ జబ్బు చాలామందికి ఉంది. పిల్లవాణ్ణి అలసిపోయేట్టు చేయడానికి కోచ్ అక్కర్లేదు సార్, ఒక కుక్కను వదిలినా చాలు.

ఇంకో మాట. ఆ మెట్లు మన గ్రౌండ్ కాదు. పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కే అవ్వ పక్కనుంచి పద్నాలుగు మంది రయ్యిమని దూకడం మర్యాద కాదు, ప్రమాదం కూడా. ఇప్పుడు ఏడాదికి ఒకసారి వెళ్తాం. నడిచి ఎక్కుతాం, బస్సులో దిగుతాం.

సరే, ఆ బ్రేకుల సంగతికి వద్దాం. ఎందుకంటే లాక్రోస్ అంతా బ్రేకుల్లోనే ఉంది. ఎదురుగా డిఫెండర్ ఉన్నాడు. నేను కుడివైపు పోతున్నట్టు పోయి, గభాలున ఆగి, ఎడమకు తిరగాలి. వేగంగా పరిగెత్తేవాళ్ళు మన జిల్లాలో బోలెడుమంది. రెండు అంగల్లో ఆగగలిగేవాళ్ళే తక్కువ. పాత బైకును 80లో తోలొచ్చు, బ్రేకు లేకపోతే సందులో ఎవరూ 30 కూడా దాటరు. పిల్లలూ అంతే, ఆగడం చేతగాని కాళ్ళను మెదడే వేగంగా పోనివ్వదు.

ఆ బ్రేకు ఎలా ఉందో చూడ్డానికి మిషన్లు అక్కర్లేదు. పాపా, నువ్వు ఇట్రామ్మా. సిగ్గెందుకు, మీ సార్ కూడా చూస్తున్నాడు, ఏమీ కాదు. ఈ బెంచీ ఎక్కి, కిందికి దిగినట్టు ఊరికే దూకు.

(ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకటి బెంచీ మీద నుంచి దూకింది.)

శబ్దం విన్నారా? ధబ్ మని. ఇప్పుడు మోకాళ్ళు చూడండి. ఇంకోసారి దూకమ్మా. ఆ... కింద తగలగానే రెండు మోకాళ్ళూ ఒకదానివైపు ఒకటి వంగాయి. ముద్దిచ్చుకోబోయినట్టు. ఇప్పుడు నేను ఒకటే మాట చెప్తా, చూడండి. తల్లీ, ఇంట్లో చిన్న తమ్ముడు నిద్రపోతున్నాడు, వాడు లేవకూడదు. ఇప్పుడు దూకు.

(మళ్ళీ దూకింది. ఈసారి చప్పుడు లేదు.)

అంతే! తుంటి వెనక్కిపోయింది, మోకాళ్ళు వంగాయి, కాలి వేళ్ళ వైపే ఉన్నాయి. క్వాడ్రిసెప్స్, గ్లూట్స్ అని నేను క్లాసు పీకితే ఈ పాపకు ఏం అర్థమయ్యేది? థాంక్యూ తల్లీ, వెళ్ళి కూర్చో.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానంటే, మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టే గట్టి పట్టీ, ఉంటుంది. అది తెగితే చాలాసార్లు ఆపరేషన్, ఆ తర్వాత ఆటకు తిరిగి రావడానికి తొమ్మిది నెలలో, ఏడాదో. ఎవరో గుద్దితే తెగుతుందనుకుంటాం. ఎక్కువసార్లు ఎవరూ ముట్టుకోకుండానే తెగుతుంది, ఆగేటప్పుడో, తిరిగేటప్పుడో, దూకి దిగేటప్పుడో మోకాలు అలా లోపలికి వంగితే. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఫుట్‌బాల్‌వాళ్ళు దీనికోసం ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ తయారుచేశారు. పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, దూకి దిగడం, ఆగి తిరగడం, అంతే ఉంటుంది అందులో. 2008లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల జట్ల మీద దీన్ని పరీక్షించి చూస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఎక్కువసార్లు చేసిన జట్లకు ఎక్కువ లాభం. మన పిల్లలకు వార్మప్ అంటే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు, తర్వాత నిలబడి కాళ్ళు పట్టుకోవడం. ఆ పావుగంట దీనికివ్వండి, వేరే టైమ్ ఏమీ అడగటం లేదు.

ఇక రౌండ్ల సంగతి. లేటుగా వచ్చావా, రెండు రౌండ్లు. బంతి వదిలేశావా, ఐదు రౌండ్లు. మాట్లాడావా, గుంజీళ్ళు. గుంజీ అంటే ఏంది సార్? స్క్వాట్. కాణిపాకంలో వినాయకుడి ముందు భక్తితో తీస్తాం, బడిలో భయంతో తీస్తాం. ప్రపంచంలో ప్రతి ఆటగాడూ డబ్బులిచ్చి నేర్చుకునే వ్యాయామం అది. మనం దాన్ని శిక్ష చేసి పెట్టాం. నా దగ్గరికొచ్చిన పిల్లల్ని స్క్వాట్ చేయమంటే మొదటి రోజు అందరూ నా మొహం చూస్తారు, "ఏం తప్పు చేశాం సార్?" అన్నట్టు.

రౌండ్లు కొట్టిస్తే స్టామినా వస్తుంది కదా అంటారు. నిదానంగా పరిగెత్తే స్టామినా వస్తుంది. అది కొంత కావాల్సిందే, కాదనను. కానీ సిక్సెస్‌లో ఎవరూ నిదానంగా పది రౌండ్లు పరిగెత్తరు. నాలుగైదు సెకన్లు ఉరుకు, ఆగు, తిరుగు, మళ్ళీ ఉరుకు, కొంచెం నడువు, బయటికి రా, ఊపిరి పీల్చుకో, మళ్ళీ లోపలికి పో. మైదానంలో ఆడేది ఆరుగురే అయినా జట్టులో పన్నెండు మంది ఉండేది అందుకే.

వేగం కావాలంటే ఏం చేయాలో చెప్తా, మీకు నచ్చదు. 20 మీటర్లు పూర్తి వేగంతో పరిగెత్తించండి. తర్వాత రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. నిజంగా రెండు నిమిషాలు, గడియారం చూసి. మళ్ళీ 20. ఇలా ఎనిమిది సార్లు. ఆ నాలుగు సెకన్ల పరుగుకు కండరం వాడుకునే ఇంధనం వేరు, కండరంలోనే కొంచెం నిల్వ ఉంటుంది, చటుక్కున అయిపోతుంది, మళ్ళీ నిండటానికి నిమిషాలు పడుతుంది. అది నిండకముందే మళ్ళీ పరిగెత్తిస్తే పిల్లవాడు పరిగెత్తుతాడు, కాదనడం లేదు, కానీ నెమ్మదిగా పరిగెత్తుతాడు. అలా రోజూ చేస్తే నెమ్మదిగా పరిగెత్తడం బాగా నేర్చుకుంటాడు.

ఒక నాన్న నా క్లాసు బయట స్కూటర్ మీద కూర్చుని లెక్కేశాడు. వచ్చి అన్నాడు, "సార్, మావాడు మీ దగ్గర గంటలో అరనిమిషం పరిగెత్తినాడు. ఫీజు మాత్రం గంటకు తీసుకుంటా ఉండారు." లెక్క కరెక్టే! ఎనిమిది సార్లు, ఒక్కోటి నాలుగు సెకన్లలోపు. నేనేం చేశానంటే, స్టాప్‌వాచ్ ఆయన చేతికిచ్చా. మొదటి పరుగు 3.7 వచ్చింది. ఏడోది 3.7. సరే, మీరు చెప్పినట్టే చేద్దామని విశ్రాంతి ఇరవై సెకన్లకు తగ్గించాం. మూడో పరుగుకే 4.1. ఆయన వాచ్ నాకిచ్చేసి మళ్ళీ స్కూటరెక్కాడు. ఆ తర్వాత అడగలేదు. విజిల్ కన్నా స్టాప్‌వాచ్ మంచి పరికరం, నన్నడిగితే. టైమ్ పడిపోతోందంటే ఆరోజుకు వేగం పని అయిపోయినట్టే, ఇంటికి పంపేయండి.

మరి ఆయాసం తట్టుకోవడం ఎప్పుడు? దాన్ని ఆటలో పెట్టండి. సగం గ్రౌండులో ముగ్గురికి ముగ్గురు, 30 సెకన్లు, గోల్ కొట్టాల్సిందే. 30 కాగానే వాళ్ళు బయటికి, వేరే ఆరుగురు లోపలికి. పది నిమిషాలకు నాలుకలు బయటపెడతారు. తేడా ఏమిటంటే, అలసిపోయిన కళ్ళతో పాస్ ఎవరికివ్వాలో చూడటం కూడా నేర్చుకుంటారు. రౌండ్లలో చూసేది ముందువాడి వీపే.

బరువుల గురించి తప్పక అడుగుతారని నేనే చెప్తున్నా. "బరువులెత్తితే పొడుగెదగరు" అనే మాట. అది అబద్ధం. సరైన పద్ధతిలో, పక్కన పెద్దవాళ్ళుండి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే ఎదుగుదల ఆగదు, ఎముక గట్టిపడుతుంది. ఆడపిల్లకు బరువులేంది అనేవాళ్ళకు మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరిని గుర్తుచేస్తా. 2000లో సిడ్నీలో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. వారానికి రెండు రోజులు, అరగంట చాలు. గోనెసంచిలో ఇసుక పోసి కట్టండి, ఐదు కిలోలతో మొదలు. దాన్ని ఎదకు హత్తుకుని గుంజీలు, శిక్షగా కాకుండా. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి కూర్చుని లేవడం. చెట్టుకొమ్మకో, కడ్డీకో వేలాడి లాగడం. మూట మోసుకుని నడవడం. ఎత్తే పద్ధతి చెడిందంటే అక్కడితో ఆపు.

విసిరే బలం గురించి ఒక్క ముక్క. మంచి ఆటగాళ్ళు ఈ కర్రతో బంతిని గంటకు 160 కిలోమీటర్లు దాటించి కొడతారు. చేతుల బలంతో కాదు. మీ ఊళ్ళో వామి వేసేవాళ్ళను చూశారా? పంగలకర్రతో గడ్డిమోపు పైకి విసిరే ఆయనను? ముందు కాలు నాటుకుంటుంది, తర్వాత నడుము తిరుగుతుంది, భుజం ఆ వెనక, చేతులు అన్నిటికన్నా చివర. అరవై ఏళ్ళాయన కూడా రోజంతా విసరగలిగేది ఆ వరస తెలుసు కాబట్టి. పాత బాస్కెట్‌బాల్‌లో కొంచెం ఇసుక పోసి కుట్టేయండి, గోడకు పక్కకు నిలబడి నడుముతో విసరమనండి. వారం రోజుల్లో స్టిక్ చేతికిస్తే తేడా మీకే కనబడుతుంది. నేలమీద బంతి తీయడం కూడా అంతే, నడుము వంచి వెతుక్కునే పిల్లవాడికి బంతి దొరకదు. తుంటి దించి, కర్ర వెనక కొస పట్టుకున్న చెయ్యి నేలకు ఆనించినంత కిందికి తెచ్చి, ఆగకుండా బంతిని వలలోకి తీసుకుంటూ పరిగెత్తిపోవాలి. ఆటలో బంతి చాలాసార్లు నేలమీద పడుతుంది, మన పిల్లల స్థాయిలో అయితే ఇంకా ఎక్కువ.

అమ్మలకు ఒక పని అప్పజెప్తా. గుమ్మానికి పెన్సిలుతో గీత గీసి నెలకోసారి పిల్లల ఎత్తు చూడండి. స్కూలు ప్యాంటు ఉన్నట్టుండి చీలమండ పైకి పోయిందంటే నాకు ఫోన్ చేయండి. నవ్వులాట కాదు. ఆ నెలల్లో ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడుతుంది. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి పుడుతుంది. నిన్నటిదాకా చక్కగా ఆడినవాడు కాళ్ళు తడబడి పడుతుంటాడు, మనం బద్ధకం అని తిడతాం. అప్పుడు దూకుళ్ళు, పరుగులు తగ్గించాలి. అంతే మందు.

నిద్ర. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్ పెట్టి, పొద్దున ఐదుకు గ్రౌండుకు పంపితే నేను చేసేదేమీ లేదు. అలాంటి పిల్లవాణ్ణి నేను ఆరోజు సగం పనిచేయించి నీడలో కూర్చోబెడతా.

ఎండ సంగతి మాత్రం పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. మనకు ఏప్రిల్, మేలో నలభై దాటుతుంది. సెలవుల్లో ఇంట్లో కూలర్ కింద ఉన్న పిల్లను మొదటి రోజే రెండు గంటలు ఎండలో దింపకండి. ఒళ్ళు వేడికి అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారం సగం టైమ్, హెల్మెట్లు, ప్యాడ్లు తర్వాత. ఆటకు ముందు, తర్వాత బరువు చూడండి. 50 కిలోల పిల్ల ఒక కిలో తగ్గిందంటే తాగాల్సినన్ని నీళ్ళు తాగలేదని అర్థం. ఉప్పేసిన నీళ్ళ మజ్జిగకు మించిన డ్రింకు మన దగ్గర ఏ కంపెనీ అమ్మడం లేదు. ఎవరైనా ఎండలో ఆడుతూ తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేయండి, కానీ బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకండి. ఒక పెద్ద తొట్టిలో చల్లటి నీళ్ళు, ఉంటే ఐసు, అందులో మెడ దాకా కూర్చోబెట్టండి, తల పట్టుకుని ఒకరు పక్కనే ఉండండి. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి తరలించడం తర్వాత. నేను క్యాంపు పెట్టేచోట ముందు తొట్టి ఎక్కడుందో చూస్తా, గోల్ పోస్టు తర్వాత చూస్తా.

టైమ్ అయిపోతోందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: "తిండి ఏం పెట్టాల సార్? ప్రోటీన్ డబ్బా కొనమంటా ఉండారు.")

డబ్బా తర్వాత చూద్దాం తల్లీ. మన చిత్తూరు సంగటి, ఊరుబిండి తీసేసి ఏం పెడదామని? రాగుల్లో కాల్షియం దండిగా ఉంది, ప్రోటీన్ మాత్రం వందకు ఏడు గ్రాములే. చెనక్కాయల్లో వందకు పాతిక, ఉలవల్లో ఇరవై పైనే. ఇలా గట్టిగా ఆడే 50 కిలోల పిల్లకు రోజుకు 70, 80 గ్రాములు కావాలి. రెండు గుడ్లు పన్నెండు, అరలీటరు పాలు పదహారు, గుప్పెడు చెనక్కాయలు, పప్పో ఉలవలో రెండు పూటలు, పెరుగు. మాంసం తినే ఇల్లయితే ఇంకా సులువు. వచ్చేస్తుంది. ఆడపిల్లలకు ఇంకోటి చూడండి, రక్తం. దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. మూడో పరుగుకే మొహం పాలిపోతున్న పిల్లకు స్టామినా లేదని రౌండ్లు పెంచేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి రోజుల్లో ఆడొచ్చా అని కూడా అడగాలనుకుంటున్నారు, మగవాళ్ళున్నారని ఆగారు. ఆడొచ్చు. ఒంట్లో బాగుంటే ఆడుతుంది, బాగాలేదంటే ఆ మాట నమ్మండి. నెలలు తరబడి రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి, చాలాసార్లు అది తిండి చాలకపోవడం.

(ఒక తండ్రి: "ఆ బంతి తగిలితే ప్రమాదం లేదా?")

ఉంది. అబ్బాయిల ఆటలో హెల్మెట్ ఉంటుంది, అమ్మాయిల ఆటలో కళ్ళకు గాగుల్స్, అందరికీ పళ్ళకు గార్డు. నాకు భయం వేరేచోట. గట్టి బంతి సరిగ్గా గుండె మీద, గుండె కొట్టుకునే ఒక ప్రత్యేకమైన క్షణంలో తగిలితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చాలా అరుదు, కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే జరుగుతుంది. అందుకే అమెరికాలో స్కూలు, కాలేజీ అబ్బాయిల ఆటలో దానికోసమే తయారైన ఛాతీ ప్యాడ్ తప్పనిసరి చేశారు. ఒంటిని అడ్డం పెట్టి బంతి ఆపడం మన పిల్లలకు క్రికెట్ నుంచి వచ్చిన అలవాటు, అది మొదటి రోజే మాన్పించాలి. అట్లా ఎవరైనా కుప్పకూలితే ఛాతీ నొక్కడం, అంటే సీపీఆర్, ప్రతి పీఈటీకీ వచ్చుండాలి. ఎంతమందికి వచ్చు, చేతులెత్తండి? ... నాలుగు. సరే, మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట అదే చేద్దాం, బొమ్మ తెప్పిస్తా.

(ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు: "సార్, మా స్కూల్లో నలభై మంది, స్టిక్ ఒక్కటీ లేదు. ఏం చేయమంటారు?")

స్టిక్కులు వచ్చేదాకా మీకు దొరికిన టైమ్ అదృష్టం అనుకోండి సార్. ఆరు వారాలు తీసుకోండి. చప్పుడు కాకుండా దూకడం, రెండు అంగల్లో ఆగడం, ఇసుక మూట, 20 మీటర్ల పరుగు. టెన్నిస్ బంతితో చేత్తోనే ముగ్గురికి ముగ్గురు, 30 సెకన్ల ఆట ఆడించండి, ఖాళీ చోటు చూసి పరిగెత్తడం అందులోనే వచ్చేస్తుంది. స్టిక్కులు వచ్చాక కూడా మొదటి నెల టెన్నిస్ బంతే వాడండి, మొహానికి తగిలినా ఏడ్చి ఊరుకుంటారు.

నా బ్యాగులో నాలుగు స్టిక్కులు, ఒక డజను బంతులున్నాయి. ఎండ ముదరక ముందే గ్రౌండులోకి పదండి. చెప్పులేసుకున్నవాళ్ళు విప్పేసి రండి, గడ్డి తడిగా ఉంది, జారతాయి. స్కూటర్ మీద కూర్చున్న నాన్నలు కూడా రావాలి, స్టాప్‌వాచ్‌లు పట్టుకోవడానికి నాకు మనుషులు కావాలి.